రేపు బాపు క్యాసెట్

ఆ రోజుల్లో నాకు ఒక అనుమానం తీరాలంటే భూమి సగం చుట్టు తిరగాల్సి వచ్చేది. నేనేమీ కవిత్వం చెప్పడం లేదు. నిజామాబాదు బస్టాండు దగ్గర ప్లైవుడ్ చెక్కలతో అరలు కొట్టిన నెట్ సెంటర్లో కూర్చుని పట్టపగలు నేను ప్రశ్న రాస్తే, దానికి జవాబు తెలిసినవాళ్ళు అప్పటికి తమ తమ దేశాల్లో ముసుగుతన్ని పడుకుని ఉండేవారు. వాళ్ళు లేచి, కాఫీలు తాగి, నా ప్రశ్న చదివి, బహుశా కాస్త నవ్వుకుని జవాబు రాసే వేళకు నా కళ్ళు మూతపడేవి. మర్నాడు వెళ్ళి చూస్తే జవాబు నాకోసం కాచుకుని ఉండేది. రాసినవాడికి ముఖం లేదు, ఊరు లేదు, అసలు పేరు కూడా లేదు. అలాంటివాళ్ళను నేను మా మేనమామ కంటే ఎక్కువగా నమ్మాను (మా మేనమామను ఎరిగినవాళ్ళు ఇందులో వింతేముంది అంటారు). అది వీడియో పనివాళ్ళంతా చేరి ఒకరి కష్టం ఒకరు తీర్చుకునే ఇంగ్లీషు వెబ్‌సైటు. దాన్ని ఫోరం అనేవారు.

మా మేనమామకు పెండ్లిళ్ళు తీసే స్టూడియో ఉండేది. ఊరంతా ఆయన్ను ఫ్లాషు మామ అనేది. రీలు అయిపోయినా సరే, చుట్టాలు అలుగుతారని ఉత్త ఫ్లాషే కొట్టి పంపించేవాడు కాబట్టి ఆ పేరు. ఆయన ఒక శుభముహూర్తాన కంప్యూటరు కొని, దాని ముందు నన్ను కూర్చోబెట్టి, ఇక క్యాసెట్లన్నీ దీంట్లోనే కత్తిరించి అతికించమన్నాడు. అప్పటికి నేను డిగ్రీలో ఒక్క సబ్జెక్టు దగ్గర ఆగిపోయి ఖాళీగా ఉన్నాను (ఆ సబ్జెక్టు ఇంగ్లీషు. ఈ సంగతి ముందు ముందు పనికొస్తుంది). ఆ సాఫ్ట్‌వేర్ వచ్చినవాడు ఊళ్ళో ఒక్కడూ లేడు. వధూవరుల మీద గులాబీలు రాల్చబోతే వరుడి తలకాయే రాలిపోయేది. అలా ఒకనాడు దిక్కుతోచక ఫోరంలో చేరాను. అక్కడ నేను పెట్టుకున్న పేరు ‘ఇందూర్ కింగ్’ (ఇందూరు అంటే మా నిజామాబాదు పాత పేరే). రాజుగారు నెట్ సెంటర్‌కు అద్దె సైకిల్ మీద వెళ్ళేవారు.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. మోస్రా ఊళ్ళో ఒక పసుపు రైతు కొత్త ఇల్లు కట్టుకున్నాడు. మాఘమాసంలో గృహప్రవేశం. చెరుకు ట్రాక్టర్ల వెనక దుమ్ము తింటూ వెళ్ళి ఆ వీడియో తీసినవాణ్ణి నేనే. ఆ ఇంటి ముందర వాకిట్లో కరెంటు ప్లగ్గు ఒకే ఒక్కటి, తులసి గద్దె పక్కన గోడకు ఉంది. లైటు తీగ అంతకు మించి సాగదు కనుక కెమెరా స్టాండు అక్కడే పాతాను. ఎదురుగా ఆకుపచ్చ రంగు వేసిన తలుపు, పసుపు రాసిన గడప. ఆ పెద్దమనిషి గడపలో నిలబడి, కెమెరాను కాదు, దాని వెనకున్న నన్ను చూస్తూ అడిగాడు: “క్యాసెట్ ఎప్పుడిస్తవ్ తమ్మీ?” నేను “రేపే బాపూ” అన్నాను. మా వృత్తిలో ఆ మాట దండం పెట్టడం లాంటిది. దర్జీలూ కంసాలులూ మేమూ అలవాటుగా అనేస్తాం, ఎవరూ దాన్ని నిజమనుకోరు.

ఆయన మాత్రం నిజమనుకున్నాడు. ఆ వేసవంతా పసుపు యార్డుకు సరుకు తెచ్చిన ప్రతిసారీ మా స్టూడియోకు వచ్చి బెంచీ మీద కూర్చునేవాడు. కోపం లేదు, కేక లేదు. వేళ్ళు పచ్చగా ఉండేవి. లేచేటప్పుడు గాజు కౌంటరు మీద చెయ్యి ఆనించి లేచేవాడు కనుక ఆయన వెళ్ళాక అద్దం మీద అయిదు పచ్చటి వేళ్ళు మిగిలిపోయేవి. అవి తుడవడం నా పని. మేం ఆయనకు ‘రేపు బాపు’ అని పేరు పెట్టుకుని నవ్వుకునేవాళ్ళం. ఇంతలో వానలు పడ్డాయి, రేపు బాపు రావడం మానేశాడు. గుండె ఆగి చనిపోయాడని మోస్రా నుంచి వచ్చిన ఇంకో రైతు చెప్పాడు. “అయ్యో” అన్నాం. నిజంగానే అన్నాం.

మా స్టూడియోలో ఒక పద్ధతి ఉండేది. ఇంకా పని పూర్తికాని టేపులు పై అరలో, ఇచ్చేసినవి కింది అరలో. కింది అరలోవి మళ్ళీ వాడుకోవచ్చు. ఒక టేపు మీద మూడు పెండ్లిళ్ళు చేయాలన్నది ఫ్లాషు మామ సిద్ధాంతం. రేపు బాపు టేపు పై అరలో అలాగే ఉండిపోయింది. ఒకనాడు దులుపుతూ దాన్ని చేతిలోకి తీసుకుని, అడిగేవాడు లేడు కదా అనుకుని కింది అరలో పెట్టాను. ఎవరూ పెట్టమనలేదు. ఆ చెయ్యి నాదే.

మరుసటి వేసవిలో రేపు బాపు ఇంటి ఆడపిల్ల పెండ్లి కుదిరింది. వాళ్ళు మళ్ళీ మా దగ్గరికే వచ్చారు (ఇచ్చిన వీడియోలను బట్టి కాదు, ఇంకెవరూ ఖాళీ లేక). నేను మళ్ళీ అదే వాకిట్లో, అదే ప్లగ్గు దగ్గర స్టాండు పాతాను. ఈసారి వాకిట్లో పందిరి, పందిట్లో పీటలు, వాటి వెనక అదే ఆకుపచ్చ తలుపు. తండ్రి లేడు కనుక పిల్ల చిన్నాయన, చిన్నమ్మ పీటల మీద కూర్చుని కన్యాదానం చేశారు. తల్లి పందిట్లోకి రాలేదు, రానివ్వలేదు. తలుపు చాటున, గడపకు లోపలివైపు నిలబడి చూసింది. మూడో టేపు అయిపోతుంటే సంచిలోంచి ఒకటి తీసి వేశాను. ఏ టేపో చూడలేదు.

వీడియో పదహారు రోజుల పండుగ నాటికి కావాలన్నారు. ఇంకా మూడు రోజులుందనగా ఒక మధ్యాహ్నం ఆ టేపును కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను. తెర మీద వెలుగు పడకుండా షట్టరు సగం దించి ఉంచాం. బయట ఎండ పెళపెళలాడుతోంది, లోపల ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. పంతులు గోత్రం చెప్పి, పోయిన తండ్రి పేరు చదివాడు. చదవగానే బొమ్మ అడ్డంగా పట్టీలు పట్టీలుగా చీలిపోయింది. ఒక పట్టీలో పెండ్లి, ఇంకో పట్టీలో ఇంకేదో. పీటలు అలాగే ఉన్నాయి, ఆకుపచ్చ తలుపు చెక్కుచెదరకుండా ఉంది, తలుపు చాటున తల్లి ఉంది. ఆమె పక్కన, గడపలో, రేపు బాపు నిలబడి ఉన్నాడు.

ముక్కలు ముక్కలుగా ఉన్నాడు గానీ ఆయనే. కళ్ళు తిన్నగా నా వైపే ఉన్నాయి. మంత్రం తెగి తెగి వినిపిస్తూ, మధ్యలో గరగరమంటూ ఇంకో గొంతు వచ్చింది: “...ఎప్పుడిస్తవ్ తమ్మీ...” తర్వాత మళ్ళీ మంత్రం, మళ్ళీ మామూలు పెండ్లి. కుర్చీలోంచి నేను లేవలేదు. భోజనం చేసి వచ్చిన ఫ్లాషు మామకు చూపించాను. ఆయన ఒక్కసారి చూసి, బయటికి వెళ్ళి, నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చిన దండ తెచ్చి మానిటరుకు కట్టాడు. ఆ మానిటరు వేడికి మూడు రోజులూ గదంతా ఊరగాయ వాసన వేసింది. నేను అంతకంటే చదువుకున్నవాణ్ణి కనుక నెట్ సెంటర్‌కు పరుగెత్తాను.

ఫోరంలో ప్రశ్న పెట్టాలి. నాకు వచ్చిన ఇంగ్లీషు ఒక్కటే, బళ్ళో నేర్పిన సెలవు చీటీ ఇంగ్లీషు. దాన్ని తెలుగు చేస్తే ఇలా ఉంటుంది: ‘గౌరవనీయులైన అయ్యలారా, తమరికి సవినయముగా విన్నవించునదేమనగా, పెండ్లిలో చనిపోయిన మనిషి ఒకరు వచ్చుచున్నారు. కావున దయయుంచి వారిని తొలగించు మార్గము తెలుపగలరని ప్రార్థన. ఇట్లు, తమ విధేయుడు, ఇందూర్ కింగ్.’ నెట్ సెంటరు నడిపే అన్న నా భుజం మీదుగా తొంగిచూసి, ప్రేమలేఖ గిట్ల రాస్తే పిల్ల దొరకదని సలహా ఇచ్చాడు.

ఆ సాయంత్రం నుంచి మర్నాటి దాకా నేను పడ్డ అవస్థ చెప్పను. స్టూడియోలో కౌంటరు అద్దం వైపు చూడలేకపోయాను. అక్కడ పచ్చటి వేళ్ళు కనిపిస్తాయని భయం. కనిపించలేదు. కనిపించకపోవడం ఇంకా భయంగా అనిపించింది. మర్నాడు నెట్ సెంటరు తలుపులు తీసేసరికి గుమ్మంలో ఉన్నాను. నా ప్రశ్నకు జవాబులు వచ్చాయి. మొదటివాడు అడిగాడు: ఆ చనిపోయిన మనిషి వస్తున్నది మన దేశపు టీవీ పద్ధతిలోనా, అమెరికా పద్ధతిలోనా? రెండోవాడు నా సాఫ్ట్‌వేర్ పాతదనీ, కొత్తది వేసుకుంటే ఆయన పోతాడనీ అన్నాడు. మూడోవాడు ఆ రెండు క్షణాల మీద పూలగుత్తి బొమ్మ కప్పేయమన్నాడు. ఫోరం పెత్తందారు మాత్రం ఇది ఇక్కడ అడగాల్సింది కాదంటూ నా ప్రశ్నను ఎత్తి ‘కొత్తవారి సందేహాలు’ అనే గదిలో పడేశాడు. ఆ గదిలో, అన్నిటికన్నా అడుగున, ‘ఓల్డ్ టేప్’ అనే పేరుతో ఒకడు రెండే ముక్కలు రాశాడు. టేపును ఆపు, మళ్ళీ తిప్పకు. ముందు చెప్పు, ఆయన ఎవరు?

మిగతా అందరూ నా సామాను గురించి అడిగారు. ఇతనొక్కడే మనిషి గురించి అడిగాడు. ఆ చెక్క అరలో కూర్చుని, తప్పుల తడక ఇంగ్లీషులో, ఉన్నదున్నట్టు రాసేశాను. గృహప్రవేశం, రేపు, పసుపు వేళ్ళు, పై అర, కింది అర. మామకు చెప్పలేదు, ఇంట్లో చెప్పలేదు. ముఖం లేనివాడికి చెప్పడం తేలికైంది. రాసి పంపాక ఏడుపొచ్చింది. నెట్ సెంటరు అన్న ఈసారి సలహా ఏమీ ఇవ్వలేదు, కిటికీ తెర లాగి వెళ్ళిపోయాడు.

ఇంకో రోజు గడిచింది. ఓల్డ్ టేప్ పెద్ద ఉత్తరమే రాశాడు. అతను చెప్పింది నాకు అర్థమైనంతలో మన పద్ధతిలో చెబుతాను. కెమెరాలో రెండు చిన్న మొనలుంటాయట, అవి సాలు విడిచి సాలు టేపు మీద రాస్తాయట. ఒక మొనకు దుమ్ము పట్టిందనుకోండి, ఆ సాళ్ళలో కొత్తది పడదు. గొర్రుకు ఒక గొట్టం పూడితే ఆ సాలులో కొత్త విత్తనం పడక నిరుడు రాలిన గింజే మొలిచినట్టు, అక్కడ పాత బొమ్మే మిగులుతుంది. కెమెరా తెరిచి చూడు అన్నాడు. ఆ కింద ఇంకో మాట రాశాడు. ‘పెండ్లి రికార్డింగు ఎక్కడ ముగిసిందో కంప్యూటరు అక్కడే ఆగిపోతుంది, నువ్వూ ఆగిపోయావు. టేపు ఆగదు. అవతలికి వెళ్ళి చూడు. నేనూ ఒకప్పుడు మా తమ్ముడి బొమ్మ మీద ఫుట్‌బాల్ ఆట ఎక్కించినవాణ్ణే. అవతల చూడమని నాకు చెప్పినవాళ్ళు లేరు. ఆ టేపును ఇంకోసారి వాడేశాను.’

స్టూడియోకు వచ్చి మామకు అంతా చెప్పాను. ఆయన ముందు నన్ను తిట్టాడు, తర్వాత తనను తిట్టుకున్నాడు, ఆ తర్వాత కెమెరా మూత తీసి సన్నటి పుల్లకు దూది చుట్టి లోపల మెల్లగా తుడిచాడు. బయటికి తీసి వెలుతురులో పట్టుకున్నాడు. దూది పచ్చగా ఉంది. “పెండ్లిల పసుపు ఎగరదా ఏంది?” అన్నాడు మామ. ఎగురుతుంది. నేనూ అదే అనుకున్నాను. ఇద్దరం మళ్ళీ ఆ దూది వైపు చూడలేదు.

టేపు వేశాం. పెండ్లి చివర నేను తీసింది వంకాయ కూర గుండిగ. దాని మీద ఒక గీత మెరిసింది, గుండిగ పోయింది, జనం పోయారు, పందిరి పోయింది. ఖాళీ వాకిలి, మాఘమాసపు ఎండ, అదే ఆకుపచ్చ తలుపు. గడపలోంచి రేపు బాపు పట్టీలు లేకుండా, నిండుగా, నడుచుకుంటూ వచ్చాడు. వంటిల్లు చూపించాడు, పసుపు పోసుకునే కొట్టు చూపించాడు, మళ్ళీ వాకిట్లోకి వచ్చి వేలు చాపాడు. “బిడ్డ పెండ్లి గిక్కడ్నే చేస్త తమ్మీ. పందిరి గింత దూరం అస్తది. పీటలు గిక్కడ. నేను గీ గడపల్నే నిలవడ్త, అచ్చేటోళ్ళు పోయేటోళ్ళు అందరు కనవడ్తరు.” తర్వాత ఆయన దగ్గరగా, ఇంకా దగ్గరగా వచ్చి, తెరంతా తానే అయ్యి, మరచిపోవద్దు, క్యాసెట్ ఎప్పుడిస్తవని మళ్ళీ అడిగాడు. దానికి కెమెరా వెనక నుంచి ఒక కుర్రగొంతు, ఎంతో హుషారుగా, “రేపే బాపూ” అంది. ఆ టేపులో నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది ఆ గొంతే.

మర్నాడు కెమెరా చంకలో పెట్టుకుని మోస్రా బస్సెక్కాను. పదహారు రోజుల పండుగకు చుట్టాలు దిగుతున్నారు. నేను తల్లినీ, పిల్ల చిన్నాయననూ ఒక గదిలోకి పిలిచి, టీవీకి తీగ తగిలించి, ముందు పట్టీల ముక్క చూపించాను. చూపిస్తూనే తల్లి వైపు తిరిగి చెప్పేశాను. “అవ్వా, ఇది దయ్యం గాదు. బాపు టేపు మీద నేనే పెండ్లి ఎక్కించిన. తప్పు నాది.” చిన్నాయన కుర్చీలోంచి లేచాడు. శుభమా అని పెండ్లి చేస్తే అందులో పోయినోడు నిలవడతాడా, వియ్యాలవారు చూస్తే ఏమనుకుంటారు, ముందు ఆ ముక్క తీసెయ్యి అని కోప్పడ్డాడు. ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. తీసెయ్యడానికి పూలగుత్తి కూడా సిద్ధంగా ఉంది. నేను తల ఊపాను.

అవ్వ ఇంకా తెర వైపే చూస్తోంది. తలుపు చాటున తాను, గడపలో ఆయన. అంత దగ్గరగా, పక్కపక్కన. ఆమె లేవలేదు, గొంతు పెంచలేదు.

“నన్నైతే ముంగట నిలవడనియ్యకపోతిరి,” అంది మరిదితో. “ఆయనను సుత తియ్యాల్నా?”

చిన్నాయన మెల్లగా కూర్చున్నాడు. తర్వాత మిగిలిన ముక్క వేశాను, ఖాళీ వాకిలి, వంటిల్లు, పసుపు కొట్టు. పదకొండు నిమిషాలు. ‘రేపే బాపూ’ అన్న గొంతు వచ్చినప్పుడు నేను తల వంచుకున్నాను. అవ్వ నవ్వింది. యార్డుకు పోయినప్పుడల్లా బాపు ఇంటికొచ్చి ‘రేపంట’ అని చెప్పి తనూ నవ్వేవాడని అంది. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టింది. “నీ తప్పేలే కొడుకా. గా తప్పుల నుంచే ఆయనకు తొవ్వ దొరికింది. ఇగ నువ్వు బువ్వ తిని పో.” ఆ అన్నం నేను ఎలా తిన్నానో నాకే తెలియదు, రెండుసార్లు పెట్టించుకున్నానని మాత్రం గుర్తుంది.

ఆ పెండ్లి వీడియోలో రేపు బాపు అలాగే ఉండిపోయాడు. ఓల్డ్ టేప్‌కు ధన్యవాదాలు రాస్తే, సరే, ఇక కెమెరా శుభ్రంగా పెట్టుకో అని జవాబిచ్చాడు, అంతే. ఆ తర్వాత ఎన్నోసార్లు అతని సాయం తీసుకున్నాను. ఒకరోజు ఫోరం తెరిస్తే తెల్లటి పేజీ వచ్చింది. మళ్ళీ రాలేదు. అతను ఎవరో, ఏ ఊరివాడో, ఇప్పుడు ఉన్నాడో లేడో తెలుసుకునే దారి నాకు లేదు. ఒకటి మాత్రం అతను కూడా చెప్పలేకపోయాడు. గంటసేపటి టేపులో దుమ్ము సరిగ్గా పంతులు ఆ పేరు చదివినప్పుడే ఎందుకు పట్టిందని అడిగితే, అది నా విభాగం కాదు అని రాశాడు.

ఇప్పుడు నేనే వీడియో కుర్రాళ్ళ ఫోన్ గ్రూపులో పెద్దవాణ్ణి. వాళ్ళకు నా ముఖం తెలియదు. మొన్న ఒక మధ్యాహ్నం చందూరు నుంచి ఒకడు మెసేజి పెట్టాడు, పెండ్లి ఫైళ్ళు పోయాయి, అవతలివాళ్ళు కూర్చుని ఉన్నారు, ‘ఎప్పుడు చెప్తవ్ అన్నా?’ అని. నాకు కునుకు పడుతోంది. అలవాటు చొప్పున వేలు ‘రే’ దాకా కొట్టింది. ఫోను అద్దం మీద ఆ ఒక్క అక్షరాన్ని చూస్తూ కాసేపు ఉండిపోయాను. పాపం, ఆ కుర్రగొంతు ఎంత హుషారుగా ఉండేదో. అక్షరం చెరిపేసి, అద్దం కూడా ఒకసారి తుడిచి, ‘ముందు చెప్పు తమ్మీ, ఎవరి పెండ్లి?’ అని రాశాను.